దూది తాగిన పెట్రోలు

ఇది ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు కాబట్టి. ఇందులో దాచుకోవలసినది ఏమీ లేదు. నలభై దాటి చాలా ఏళ్ళయ్యేదాకా నా పేరు రాసి చూపిస్తే అది ఎవరి పేరో అనుకునేదాన్ని. ఆ తర్వాత అక్షరాలైతే వచ్చాయి గానీ చెయ్యి తిరగలేదు. ఒక మాటను కాగితం మీద కూర్చోబెట్టేలోగా దాని వెనక రావలసిన నాలుగు మాటలు లేచి వెళ్ళిపోయేవి. ఇప్పుడు అవి ఆగుతున్నాయి, రాస్తున్నాను. నా ఈడు ఆడవాళ్ళు, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఇలాంటివి ఓపిగ్గా చదివేవాళ్ళు, నా వాక్యాలు కొంచెం పొడుగ్గా పోతే సర్దుకోవాలి. మాట్లాడినట్టే రాయడం తప్ప వేరే పద్ధతి నాకు ఎవరూ నేర్పలేదు, ఈ వయసులో నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

మొన్న ఆదివారం మా చిన్నమ్మాయి కొత్త కారు కొనుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని షార్జా అంతా తిప్పింది. స్టీరింగు వెనకాల చిన్న తెర ఒకటి వెలుగుతూ ఉంటే దాన్ని వేలితో చూపించి, "చూడుమా, లీటరుకు పదహారు ఇస్తాంది" అంది. ఎవరు కొలిచారని అడిగాను. "కారే చెప్తాంది గదమా, మనం కొలిచేదేముంది?" అని నవ్వింది. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి తరపువాళ్ళలాగా కారు తన గురించి తాను మంచిగానే చెప్పుకుంటుంది, నిజం కావాలంటే పంపు దగ్గరికి పోయి అడగాలి అన్నాను. ఆ మాట పట్టించుకోకుండా అమ్మాయి పాటలు పెట్టుకుంది. నేను మాత్రం ఆ తెర మీది అంకెనే చూస్తూ, అలాంటి ఒక్క అంకె కోసం మా ఇంట్లో ఒకప్పుడు ఎంత యుద్ధం జరిగిందో తలచుకుంటూ దారంతా కూర్చున్నాను.

మాది కడప జిల్లా. మేము దూదేకులవాళ్ళం. దేవుణ్ణి అరబ్బీలో పిలుస్తాం, ఇంట్లో పోట్లాడుకునేది మాత్రం తెలుగులోనే. మా మామగారు విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టి ఇద్దరు కొడుకులను పెంచారు. ఆ ఇద్దరు కొడుకులూ, అంటే మా ఆయనా, ఆయన అన్న అయిన మా బావా, దుబాయ్ అని బయలుదేరి షార్జాలో దిగారు. అక్కడ రోలా అనే పేటలో ఒక సందులో పరుపుల దుకాణం పెట్టుకున్నారు. అరబ్బుల ఇళ్ళలో వచ్చిన వాళ్ళను కూర్చోబెట్టే గదిని మజ్లిస్ అంటారు. ఆ గదిలో గోడల వెంబడి నేల మీద పరిచే పరుపులూ, వీపుకు ఆనించుకునే దిండ్లూ మా సరుకు. అందరూ స్పాంజికి మారిపోయినా, పాతకాలపు ముసలమ్మలు కొందరు దూదే కావాలని పట్టుబట్టేవాళ్ళు, వాళ్ళ దయవల్లే మాకు రొట్టె దొరికేది. పెళ్ళయి నేను వచ్చినప్పటినుంచి దుకాణం వెనక గదిలో సూది పట్టుకుని కూర్చున్నాను. ఎన్ని ఏళ్ళు కూర్చున్నా, దుకాణం ముందు పోయే బస్సులు ఎక్కడికి పోతాయో నాకు తెలియలేదు.

అప్పుడు కరోనా వచ్చింది. షట్టరు దించారు. రోలాలో మనుషులు లేకుండా వీధులు ఉంటాయని నేను ఎప్పుడూ అనుకోలేదు, పావురాలు మాత్రం నడిరోడ్డు మీద పెత్తనం చేస్తూ తిరిగేవి. మా ఫ్లాటులో పక్క గదిలో కరీంనగర్ పిల్ల ఒకతె ఉండేది, బ్యూటీ పార్లరులో పని, అదీ మూసేశారు. వంటగదిలో నేను ఊరికే కూర్చుని గోడ చూస్తూ ఉంటే ఒకరోజు వచ్చి, "ఊకె కూసుంటే పిచ్చి లేస్తది అక్కా, రా, అఆలు దిద్దుదాం" అంది. పలక ఎక్కడిది? ఇక్కడి ఆడవాళ్ళు పైన వేసుకునే అబాయాలకు తెచ్చిన నల్లగుడ్డ ముక్క పరిచి, కొలతలు గీసే సుద్దతో దిద్దాను. తప్పు పోతే దులిపేస్తే చాలు. ఊరు ఊరంతా తలుపులు వేసుకుని భయపడుతున్న ఆ రోజుల్లో నాకు ఒక్కో అక్షరం ఒక్కో కిటికీ అయింది. ఈ మాట చెబితే లోకం అంత కష్టంలో ఉంటే నీకు సంతోషమా అని అడిగేవాళ్ళు ఉంటారు. అవును, సంతోషమే. నాకు ఎప్పుడు దొరికిందో అప్పుడే తీసుకున్నాను.

దుకాణం మళ్ళీ తెరిచేనాటికి మా ఆయన నడుము పోయింది. జబ్బు వచ్చి తగ్గాక, ఎక్కువ దూరం కారు తోలితే కాలు మొద్దుబారిపోయేది. డాక్టరు దూరప్రయాణాలు మానుకోమన్నాడు. మా బావకు లైసెన్సే లేదు. ఆ పరీక్షకు ఎన్నిసార్లు వెళ్ళి ఎన్నిసార్లు తప్పాడో ఆయనే మరిచిపోయాడు, చివరికి ఖలాస్ అని వదిలేశాడు. మా దగ్గర పరుపులు కొనే ఖాతాలు చూస్తే సగం తూర్పు తీరంలో, కొండలకు అవతల, కల్బాలోనూ ఖోర్ ఫక్కాన్‌లోనూ. కాబట్టి నేను నేర్చుకుంటానన్నాను. బావ నవ్వాడు. నా అంతటివాడికి రానిది సూదీ దారం పట్టుకునే దానికి వస్తుందా అని ఆ నవ్వుకు అర్థం. ప్రశ్నలు ఉర్దూలో చెవిలో చెప్పే పరీక్ష పాసయ్యాను, రోడ్డు పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యాను. నాకు నేర్పినామె పెషావరు మనిషి, నేను ఉస్తాద్ అని పిలిచేదాన్ని. బండికి కోపం రాకూడదు, నీకు భయం రాకూడదు అనేది. లైసెన్సు చేతికి ఇచ్చిన రోజు దాని మీద ఉన్న నా ఫోటోను దుకాణంలో గల్లాపెట్టె మీద బావకు కనపడేలా ఆనించి పెట్టాను. పొగరే. అలాగే అనుకోండి.

ఆ తూర్పు దారి గురించి చెప్పకపోతే నాకు తోచదు. షార్జా ఇసుక దాటాక కొండలు మొదలవుతాయి, గడ్డిపోచ లేని గోధుమరంగు కొండలు, వాటిని తొలిచి సొరంగాలు వేశారు. ఒక సొరంగంలో దూరి బయటికి వచ్చేసరికి వెలుగే మారిపోతుంది. దిగువకు దిగాక ఒక మలుపులో ఉన్నట్టుండి సముద్రం కనబడుతుంది. మొదటిసారి ఒక్కదాన్నే ఆ మలుపు తిరిగినప్పుడు కారు పక్కకు ఆపి కాసేపు ఏడ్చాను. దుఃఖం కాదు అది. ఇక ఆ ఊళ్ళలో ఆడవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లోకి మగ టైలర్లను రానివ్వరు కాబట్టి, మా ఆయన వెళ్ళినన్నాళ్ళూ పనిమనిషి లోపలినుంచి ఏదో ఒక కొలత అరిచి చెప్పేది, ఆ కొలతకు కుట్టిన పరుపు మూలల్లో ఎప్పుడూ పొట్టో పొడుగో అయ్యేది. నేను టేపు తీసుకుని నేరుగా లోపలికి పోయేదాన్ని. కల్బాలో ఒక ముసలమ్మ నా పక్కనే చతికిలబడి ఖర్జూరాలు తినిపిస్తూ, కాఫీ పోస్తూ, తన మోకాళ్ళ నొప్పికి పరుపు ఎంత ఎత్తు ఉండాలో నా చెయ్యి పట్టుకుని చూపించింది. ఆమె తన చెల్లెలికి చెప్పింది, చెల్లెలు కోడలికి చెప్పింది, పని పెరిగింది.

పని పెరిగింది, దానితోపాటు పెట్రోలూ పెరిగింది. నెలనెలా రేటు పైకి పోతున్న రోజులవి. ఒకరోజు బావ గల్లాపెట్టె ముందు కూర్చుని పెట్రోలు రసీదులు విసనకర్రలా పట్టుకుని, నా మొహం చూడకుండా, కుడుతున్న మా ఆయనకు చెబుతున్నట్టుగా మొదలుపెట్టాడు.

"బండి ఆడమనిషి చేతికి పోయినకాడి నుంచి పెట్రోలు నీళ్ళ మాదిరి తాగుతాంది. పోయేది కల్బాకేనా, యాడాడ తిప్పుతాందో ఎవురికి తెలుసు?"

మా ఆయన నోట్లో గుండుసూదులు పెట్టుకుని కుట్టేవాడు. నోట్లో సూదులున్నప్పుడు మనిషి మాట్లాడలేడు. ఆ సౌకర్యం తెలిసే పెట్టుకునేవాడేమో. కాబట్టి జవాబు నేనే చెప్పాను. "యాడికి పోతానో ఎనకమాల కూర్చుని సూడు బావా, సీటు ఖాళీగానే ఉంటాది" అన్నాను. దుకాణంలో పనివాళ్ళు తలలు దించుకున్నారు.

బావకు అసలు వేరే ఆలోచన ఉంది. ఆయన అల్లుడు అజ్మాన్‌లో ఒక కంపెనీలో డ్రైవరుగా చేసేవాడు, ఆ కంపెనీ మూతపడి ఖాళీగా ఉన్నాడు. బండి అతనికిచ్చి, నన్ను మళ్ళీ వెనక గదిలో కూర్చోబెట్టాలి. కూతురి కాపురం గురించి తండ్రికి ఉండే దిగులు నాకు అర్థం కాకపోలేదు. అల్లుడు మంచివాడు, నన్ను చిన్నత్తా అని నోరారా పిలిచేవాడు. కానీ బావ దిగులు తీరడానికి నేను గోడ వైపు తిరిగి కూర్చోవాలా? కొండల అవతల సముద్రం ఉందని తెలిశాక మళ్ళీ ఆ గదిలోకి పోవడం నావల్ల కాదు. అందుకని, బండి ఎంత తాగుతుందో కొలుద్దాం అన్నాను. బావ వెంటనే పందెం కట్టాడు: అల్లుడు నీకన్నా తక్కువ పెట్రోలుతో తిరిగొస్తే తాళంచెవి అతనిది. ఆ పందేనికి నేను ఊఁ అనలేదు. ముందు సరిగ్గా కొలవనీ అన్నాను, అంతే. ఈ తేడా మీరు గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత మా ఇంట్లో ఎవరూ పెట్టుకోలేదు.

సరిగ్గా కొలవడమంటే ఏమిటో అప్పటికి నాకూ తెలియదు. బావ కొలత పెట్రోలు ముల్లు. ముల్లు సగానికి వచ్చిందంటే సగం అయిపోయింది అనేవాడు. ఆ ముల్లు మా పాత తెల్లకారులో సగం దాకా నిద్రపోతూ దిగేది, సగం దాటాక పరుగెత్తేది. మా వాళ్ళు పెట్రోలు పోయించేదీ ఎప్పుడూ చేతిలో ఉన్న నోటుకు సరిపడా మాత్రమే, ట్యాంకు ఎంత ఖాళీ ఉందో ఎవరికీ పట్టదు. నేను మా ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. ఆమె పెద్ద చదువేమీ చెప్పలేదు, పెరుగు తోడువేసినంత తేలిగ్గా చెప్పింది. ట్యాంకు నిండా పోయించు, పంపు తనంతట తాను మొదటిసారి టక్కుమని ఆగినచోట ఆపేయించు, ఇంకొక్క చుక్క వద్దు. దూరం చూపే మీటరు సున్నా చెయ్యి. తిరిగి రా. అదే బంకులో అదే పంపు దగ్గర, బండి అదే వైపు తిప్పి పెట్టి, మళ్ళీ మొదటి టక్కు దాకా పోయించు. ఇప్పుడు ఎంత పట్టిందో అంతే నువ్వు కాల్చింది. వెళ్ళిన దూరాన్ని దానితో భాగిస్తే లీటరుకు ఎంతో వస్తుంది. టైర్లలో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూసుకో. ఇద్దరు మనుషులను పోల్చాలంటే దారి ఒకటే, బరువు ఒకటే, ఏసీ ఒకటే ఉండాలి; తోలే కాలు ఒక్కటే మారాలి. మరి మా మీటరు పాతది, అదే అబద్ధం చెబితే? అని అడిగాను. చెప్పనీ, ఇద్దరి దగ్గరా ఒకే అబద్ధం చెబుతుంది అంది.

ఇక్కడి బంకుల్లో ఎవరూ కారు దిగరు, అద్దం దించి మాట చెప్పి మళ్ళీ ఎక్కించుకుంటారు. పంపు ఆగాక పోసేవాళ్ళు చిల్లర లేకుండా సరిచేయడానికి ఇంకాస్త, ఇంకాస్త అని నొక్కుతారు. అలవాటు కొద్దీ మర్యాదగానే చేస్తారు. ఆ మర్యాదలోనే మన కొలత కొట్టుకుపోతుంది. అందుకని నేను దిగి పైపు పక్కనే నిలబడ్డాను. "మేడమ్, గాడీ మే బైఠో, బహుత్ గర్మీ హై" అన్నాడు పోసే బెంగాలీ అతను. కూర్చోను అన్నాను. టక్కుమంది. అతని చెయ్యి అలవాటుగా మళ్ళీ నొక్కబోయింది. "బస్, ఖలాస్!" అని నేను వేసిన కేకకు పక్క పంపు దగ్గరవాళ్ళు కూడా పెట్రోలు ఆపేశారు.

మొదటి పూట నాది. ఖోర్ ఫక్కాన్‌లో ఒక ఇంటికి పరుపులు చేర్చాలి, కల్బాలో ఒక గది కొలవాలి. పరుపులు కారు లోపల పట్టవు, అందుకని బావ ఎప్పుడో ఇనుప క్యారియరు చేయించి కారు నెత్తిన బిగించాడు. దాని మీద పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చి తాళ్ళతో కడితే, కారు మీద ఇంకొక కారు ఎక్కినట్టుండేది. కొండల్లో గాలికి ఆ తాళ్ళు ఈల వేసేవి. వెళ్ళాను, దించాను, కొలిచాను, వచ్చాను. అదే పంపు, అదే టక్కు. ఇరవై నాలుగు లీటర్లు పట్టింది. దూరాన్ని భాగిస్తే లీటరుకు పది కిలోమీటర్లు.

రెండో పూట అల్లుడిది. ఆ రోజు చేర్చాల్సిన సరుకు లేదు, క్యారియరు ఖాళీ. అదే దారిన పోయి వచ్చాడు. పంతొమ్మిది కూడా పట్టలేదు. బావ ముఖం చూడాల్సింది. ఎదురు కెఫెటీరియా నుంచి అందరికీ చిక్కటి కరక్ చాయ్ తెప్పించాడు, పనివాళ్ళకు కూడా.

"ఏమ్మా, ఇప్పుడేమంటావు? ఇంగ ఇయ్యి తాళం."

"మీ అల్లుడు నెత్తిన పరుపులు కట్టినాడా బావా?"

"దూదికి బరువేముంది? ఊదితే ఎగిరిపోయేదానికి! తరతరాలుగా దూది ఏకినోళ్ళం, మాకు చెప్తావా దూది బరువు?"

నిజం చెప్పనా, నాకూ లోపల అలాగే అనిపించింది. నేనూ దూదేకుల ఇంటి పిల్లనే. చిన్నప్పుడు దూది మూటను నెత్తిన పెట్టుకుంటే ఉందో లేదో చెయ్యి పెట్టి తడుముకునేవాళ్ళం. లోకంలో అన్నిటికన్నా తేలికైనది మా సరుకే అన్నది మాకు అన్నంతోపాటు పెట్టిన నమ్మకం. దూది పెట్రోలు తాగుతుందని నాకు తెలిసి పట్టుబట్టలేదు. అన్నీ ఒకటే ఉండాలని ఉస్తాద్ చెప్పింది, ఒకటి తక్కువైంది, అందుకే పట్టుబట్టాను. చాయ్ ముట్టుకోకుండా, ఇంకొక పూట పోవాల్సిందే, ఈసారి అంతే ఎత్తున పరుపులు కట్టుకుని పోవాల్సిందే అని కూర్చున్నాను. బావ అరిచాడు. దుకాణం ఎవరిది అన్నాడు. నీదే బావా, కొలత మాత్రం ఎవరిదీ కాదు అన్నాను. అల్లుడే, ఇంగో పూట పోతే ఏమైంది మామా, అని చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

తర్వాతి సరుకు తయారయ్యాక పరుపులు నేనే దగ్గరుండి పేర్పించాను, నా మోపు ఎంత ఎత్తో అతని మోపూ అంతే ఎత్తు. ఏసీ అంతే చల్లన, టైర్లలో అంతే గాలి. అతను తిరిగి వచ్చేసరికి నేనూ బావా ఇద్దరం బంకు దగ్గర నిలబడి ఉన్నాం, మాట్లాడుకోకుండా, పెళ్ళిలో ఎదురుబొదురు పడిన పగవాళ్ళలాగా. పంపు మీద అంకెలు తిరుగుతూ పోయాయి, పంతొమ్మిది దాటాయి, ఇరవై దాటాయి. బావ పెదవులు కదులుతున్నాయి, ఆగమని దువా చేస్తున్నాడో ఏమో. ఇరవై మూడు దగ్గర టక్కుమంది. నాలుగు లీటర్లకు పైగా ఆ తేలికైన దూదే తాగేసింది. బరువుగా కాదు, కారు నెత్తిన గోడలా నిలబడి, ఎదురుగాలినంతా పట్టుకుని.

నేను గెలిచాను అనుకున్నారా? బావ లెక్క తప్పేవాడు కాదు. దుకాణానికి తిరిగి వచ్చేదాకా ఊరుకుని, గుడ్డలు కత్తిరించే బల్ల ముందు నిలబడి అందరూ వినేటట్టు అన్నాడు. "సరే, దూది తాగింది. ఐనా ఇరవై నాలుగూ ఇరవై మూడూ ఒకటేనా? నీది ఒక లీటరు ఎక్కువే."

ఎక్కువే. కారణమూ నాకు తెలుసు. అల్లుడు కంపెనీలో తోలినవాడు, కొండ ఎక్కేటప్పుడు లారీ వెనకాల లారీలా మెల్లగా పోతాడు. నాకు ఎక్కుడు వస్తే కాలు ఆగదు, గట్టిగా తొక్కుతాను. కొలత నేనే అడిగాను, సరిగ్గా జరిగేదాకా ఊరుకోలేదు, అది వచ్చి నాకు ఎదురుగా నిలబడింది. అందరూ నా వైపు చూస్తున్నారు. ఆ క్షణంలో అటువైపు సూదీ గోడా, ఇటువైపు కల్బా.

"ఔ బావా, ఒక లీటరు నాదే ఎక్కువ" అన్నాను. "కొలత నిజమే చెప్పింది. నేను అబద్ధమనను. ఆ లీటరు నేనే తాగినా అనుకో. కానీ ఎవురు పోవాల్నో పెట్రోలును అడిగి తెలుసుకుంటారా? ఆ ఇండ్లలో ఆడోళ్ళ గదులు కొలిచేది ఎవురు?"

"కొలిచే దానికి మనుషులే లేరా ఈ దేశంలో?"

అప్పుడు అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "మామా, కల్బా ముసలామె నన్ను గేటు దాటనియ్యలే. పరుపులు ఆడనే దించమన్నాది. చిన్నత్త వస్తేనే ఇంగో గది కొలిపిస్తానన్నాది."

"నువ్వెవురి పక్కరా?" అన్నాడు బావ.

"పరుపుల పక్క మామా" అన్నాడు అల్లుడు. పనివాళ్ళలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

బావ తాళంచెవి తీసి బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు. పెద్దవాడి మాటకు విలువ లేదనుకుంటే తీసుకోమన్నాడు. అదే అసలు పందెం, లీటర్ల పందెం కాదు. తీసుకుంటే పెద్దవాణ్ణి కాదన్నట్టు, తీసుకోకపోతే నన్ను నేను కాదనుకున్నట్టు. మా ఆయన నోట్లోనుంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక్క మాట అంటాడని దుకాణమంతా కుట్టు ఆపి చూసింది. "ఆ కత్తెర ఇట్లా ఇయ్యి" అన్నాడు. కత్తెర అందించాను. ఆ రోజు తాళంచెవిని ఎవరూ ముట్టుకోలేదు, షట్టరు దించేటప్పుడు కూడా అది బల్ల మీదే ఉంది.

ఇప్పుడు బావ కడపలో ఉన్నాడు, చూపు మందగించింది. ఫోన్ చేస్తే నా ఆరోగ్యం కన్నా ముందు బండి ఎంత ఇస్తాందమ్మా అని అడుగుతాడు. పెద్ద మోపులకు పికప్ మాట్లాడుకోవడం మొదలయ్యాక దాన్ని తోలే పని అల్లుడిదే అయింది. కల్బా ముసలమ్మ పోయింది, ఆమె మనవరాళ్ళు సెల్లుతోనే గది కొలిచి బొమ్మ పంపిస్తారు, స్పాంజి చాలంటారు, నా టేపుకు పని తగ్గింది. కార్లు వాటి లెక్కలు అవే చెప్పుకుంటున్నాయి. ఆ తెరను చూసి మా అమ్మాయి నమ్మినంత తేలిగ్గా నన్ను ఎవరూ ఎప్పుడూ నమ్మలేదు. నమ్మకపోవడం వల్లే కదా ఎండలో పంపు పక్కన నిలబడడం, ఇరవై మూడు దగ్గర ఆ టక్కు వినడం నాకు దొరికింది. దాని కోసం అప్పుడప్పుడు మనసు లాగుతుంది. ఎదురు నిలబడడానికి ఒక బావ కూడా లేని ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. అయినా ఆ రోజులు మళ్ళీ రావాలని మాత్రం కోరుకోను, ఒక్క దారి కోసం అన్నిసార్లు కొలిపించుకోవలసిన అవసరం ఏ ఆడమనిషికీ వద్దు.

తాళంచెవి బల్ల మీదే ఉండిపోయిన ఆ మర్నాడు పొద్దున ఏం చేశానో చెప్పి ఊరుకుంటాను. దుకాణం తెరిచేసరికి బావ అప్పటికే వచ్చి బల్ల పక్కన కూర్చుని ఉన్నాడు. సలాం చెప్పాను. ఆయన చూస్తూ ఉండగానే తాళంచెవి తీసుకున్నాను. అల్లుణ్ణి పిలిచి, ఇద్దరం కలిసి క్యారియరు నట్లు విప్పి, ఆ ఇనుప చట్రాన్ని దించి దుకాణం గోడకు ఆనించాం. కల్బా బయలుదేరాను. ఇసుక దాటింది, కొండలు వచ్చాయి. ఎక్కుడు మొదలైంది, ముందు లారీలు వరసగా పాకుతున్నాయి. కాలు గట్టిగా తొక్కి వాటిని దాటుకుని పైకి పోయాను.